బస్తాలోని భాస్వరం గడ్డికి అందుతుందా?

‘ఆర్గానిక్, పైగా చవక’ అని రాక్ ఫాస్ఫేట్ కొని ఊరికి పంపిద్దామనుకుంటున్నారా? ముందు మీ చేను మట్టి పరీక్షలో పీహెచ్ ఎంతొచ్చిందో చూడండి.

రాక్ ఫాస్ఫేట్ అంటే గనిలోంచి తీసి పొడి కొట్టిన రాయి. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర ఝామర్‌కోట్రాలో దీని పెద్ద గని ఉంది. ఆ రాయిలో భాస్వరం కాల్షియంతో గట్టిగా ముడిపడి ఉంటుంది. ముడి విప్పాలంటే ఆమ్లం కావాలి. కేరళ ఆమ్ల నేలల్లో అది మెల్లగా కరుగుతుంది, రబ్బరు తోటలకు వాడతారు కూడా. కర్నూలు వైపు సున్నపు నల్లరేగడిలో పీహెచ్ 8 దాటుతుంది. ఆమ్లం లేదు, కాల్షియం నిండా ఉంది. ఇక రాయి ఎలా కరుగుతుంది? బస్తా మీద శాతం ఘనంగానే ఉంటుంది. డౌన్‌లోడ్ అయ్యి ఓపెన్ కాని ఫైల్ అన్నమాట!

లూసర్న్, అలసంద లాంటి పశుగ్రాసాలకు భాస్వరం బాగా కావాలి. లూసర్న్ ఒకసారి వేస్తే మూడు నాలుగేళ్లు కోస్తూనే ఉంటాం, ప్రతి కోతతో కొంత భాస్వరం చేను దాటిపోతుంది. మేతలో తగ్గితే గేదెకూ తగ్గుతుంది. ఎముకలు, గుడ్డలు నమలడం, సరిగ్గా ఎదకు రాకపోవడం మొదలవుతాయి. పాల డబ్బుతో నడిచే ఇంటికి అది పెద్ద దెబ్బే.

ఇలాంటి నేలకు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ నయం. అదే రాయిని ఫ్యాక్టరీలో సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో కలిపి చేస్తారు, కాబట్టి భాస్వరం ఎక్కువగా నీళ్లలో కరిగే రూపంలో ఉంటుంది. పైపైన చల్లకుండా, విత్తేటప్పుడే వేర్లకు అందేలా వేయాలి. రాక్ ఫాస్ఫేట్ ఇప్పటికే కొనేశారా? పేడతో కలిపి కంపోస్టు చేయండి. కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలు కొంత కరిగిస్తాయి. కొంతే, మొదటి కోతకు దాన్నే నమ్ముకోకండి.