చెవికి చెప్పే కథ: విద్యార్థుల పాడ్‌కాస్టుకు పరిచయ భాగం



ఉన్నత పాఠశాలల్లోనూ కళాశాలల్లోనూ ప్రాజెక్టు పనిగా 'ఒక పాడ్‌కాస్టు తయారుచేసి తీసుకురండి' అనడం ఇప్పుడు మామూలైపోయింది. సాధారణంగా మొదటి మెట్టుగా పరిచయ భాగాన్ని, అంటే ఒకటి రెండు నిమిషాల ధ్వనిముద్రణను అడుగుతారు. చేతిలో సెల్‌ఫోను ఉంటే చాలు, గంటలో అయిపోయే పనిలాగే కనబడుతుంది. తీరా తయారై వచ్చినవి వరసగా వింటే చాలావాటిలో ఒకే గొంతు వినిపిస్తుంది. 'హాయ్ ఫ్రెండ్స్, వెల్‌కమ్ టు అవర్ పాడ్‌కాస్ట్' అని మొదలై, వెనక ఎక్కడినుంచో తెచ్చిన సంగీతం మోగి, టీవీ ప్రయోక్తను అనుకరించే హుషారుతో ముగుస్తుంది. ఆ పిల్లవాడిది ఏ ఊరో, అతనికి మాత్రమే తెలిసిన సంగతి ఏమిటో అందులో ఉండదు. అది ఎలా రాబట్టాలన్నదే ఈ పాఠం.

మాట, దాని వెనక కథ

పాడ్‌కాస్ట్ అనే మాట 2004 ఫిబ్రవరిలో బ్రిటన్‌లోని గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ రాసిన వ్యాసంలో వచ్చింది. ఆపిల్ సంస్థవారి ఐపాడ్‌లోని సగమూ, ప్రసారం అనే అర్థమిచ్చే బ్రాడ్‌కాస్ట్‌లోని సగమూ కలిపి కట్టిన మాట. 2005 జూన్‌లో ఆపిల్ తన ఐట్యూన్స్‌లో వీటికి చోటిచ్చాక మాట అందరి నోటా పడింది. రేడియో కార్యక్రమం ఒక వేళకు వస్తుంది, ఆ వేళకు మనం దాని ముందు కూర్చోవాలి. పాడ్‌కాస్టు అలా కాదు. దాచిపెట్టి ఉంటుంది, శ్రోత తనకు తీరినప్పుడు తీసి వింటాడు, నచ్చకపోతే ఇరవై సెకన్లలో ఆపేస్తాడు. పరిచయ భాగానికి అంత ప్రాముఖ్యం రావడానికి కారణం ఆ చివరి మాటే.

మన దేశంలో విద్యార్థి గొంతు ఇంత సులువుగా బయటికి రాలేదు. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న చెప్పింది. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఆ కేసులో తీర్పులు రాశారు. 2002లో విద్యాసంస్థలు సొంత రేడియో నడుపుకోవడానికి కేంద్రం అనుమతినిచ్చింది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయంలో అన్నా ఎఫ్.ఎం. మొదలైంది. నేపాల్‌లో రేడియో సాగరమాథ అప్పటికే 1997 నుంచి స్వతంత్రంగా ప్రసారాలు చేస్తోంది. 2006లో మన ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకూ తలుపు తెరిచాక, 2008 అక్టోబరు 15న జహీరాబాదు దగ్గరి మాచనూర్‌లో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో వచ్చింది. విత్తనాల గురించీ పంటల గురించీ పండగల గురించీ వాళ్లు మాట్లాడింది వాళ్లు ఇంట్లో మాట్లాడే భాషలోనే. ఎవరి కోసమో మార్చుకున్న భాషలో కాదు.

వీటన్నిటికీ లైసెన్సు కావాలి, టవరు కావాలి, అంతా ఉన్నా ప్రసారం చేరేది కొన్ని కిలోమీటర్లే. పాడ్‌కాస్టుకు ఇవేవీ అక్కర్లేదు. అయితే లైసెన్సుతోపాటు, 'ఇది ప్రసారం చేయవచ్చా?' అని ఒకసారి ఆగి అడిగే పెద్దమనిషి కూడా లేకుండా పోయాడు. ఆ పని మీరే చేసుకోవాలి. దీని సంగతి తర్వాత చూద్దాం.

పరిచయం అంటే వరస కలపడం

బుర్రకథ చూసినవారికి తెలుసు. మధ్యలో తంబురా భుజాన వేసుకుని, బొటనవేలి అందెలు మోగిస్తూ కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో వంతలు. ఒకరు హాస్యం చెబుతారు, ఒకరు రాజకీయం చెబుతారు. కథ మొదలవకముందే ఎవరు ఏ పని చేస్తారో జనానికి తెలిసిపోతుంది. కంటికి కనబడుతుంది కాబట్టి సగం పరిచయం అక్కడే అయిపోతుంది. రేడియోలో ఆ సౌకర్యం లేదు. ఆకాశవాణి తెలుగు పిల్లల కార్యక్రమాల్లో న్యాయపతి రాఘవరావు గారు 'రేడియో అన్నయ్య'గా, కామేశ్వరి గారు 'రేడియో అక్కయ్య'గా నిలిచిపోవడం వెనక ఉన్న తెలివి ఇక్కడే కనబడుతుంది. పేరు కంటే ముందు వారు వరస చెప్పారు. అన్నయ్య మాట్లాడుతున్నాడంటే ఎలా వినాలో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు.

మీ పరిచయం రాసుకునేముందు ఇదే ప్రశ్న వేసుకోండి. నేను ఎవరితో మాట్లాడుతున్నాను, వారికి నేనేమవుతాను? తోటి విద్యార్థికైతే 'నువ్వు' అనవచ్చు. ఊరి పెద్దలు వింటారనుకుంటే 'మీరు' అనాలి. ఏదైనా ఒకటి ఎంచుకుని చివరిదాకా నిలబడండి. 'శ్రోతలందరికీ' అని సభలో మాట్లాడినట్టు మొదలుపెట్టవద్దు. పాడ్‌కాస్టును ఎక్కువమంది ఇయర్‌ఫోన్లతో ఒంటరిగా వింటారు. మీ శ్రోత ఎప్పుడూ ఒక్కరే.

ఒక ఉదాహరణ: ఆసు

పోచంపల్లి తరహా చీర నేయాలంటే, రంగులద్దడానికి ముందే పేక నూలును ఒక క్రమంలో చుట్టాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. నూలును ఇటునుంచి అటు, అటునుంచి ఇటు చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు, నాలుగైదు గంటల పని. ఇది ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్ల వంతు. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఆమె పేరే దానికి పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఆ ప్రాంతపు ఇంటర్ విద్యార్థిని ఒకామె ఈ విషయం తీసుకుందనుకుందాం. 'చేనేత మన సంస్కృతికి ప్రతీక. మన రాష్ట్రం చేనేతకు పుట్టినిల్లు' అని మొదలుపెడితే అందులో తప్పేమీ లేదు. కానీ అది ఎవరైనా, ఎక్కడినుంచైనా చెప్పగలిగిన మాట. ఇలా మొదలుపెడితే చూడండి. ఇది ఈ పాఠం కోసం ఊహించి రాసినది.

(ఎనిమిది సెకన్లు దాదాపు నిశ్శబ్దం. నూలు మీద చెయ్యి జరిగే సన్నని చప్పుడు.)

'మీకేం వినవడ్తలేదు గదా. ఇది మా నానమ్మ చెయ్యి తిరుగుతున్న చప్పుడు. ఈ మేకు కాడికెల్లి ఆ మేకు కాడికి, మళ్ల ఎనుకకు. ఒక్క చీరకు ఇట్ల తొమ్మిది వేల సార్లు.'

(నానమ్మ గొంతు) 'రెక్క గుంజేది బిడ్డా. రాత్రి ఒక పక్కకు ఒరగరాకపోయేది.'

(మోటారు చప్పుడు మొదలై, మాట కింద నిలుస్తుంది.)

'ఈ చప్పుడు వచ్చినంక నానమ్మ చెయ్యి ఆగింది. నేను ఇంటర్ సెకండియర్ చదువుతున్న. చెయ్యి ఆగినంక మా ఇంట్ల ఏమేం మారిందో నాలుగు భాగాలల్ల చెప్త.'

నిమిషం కూడా పట్టదు. ఎవరు మాట్లాడుతున్నారు, దేని గురించి, ఎన్ని భాగాలు అన్నీ తెలిశాయి. ఈ విషయంలో ఒక చిక్కు ఉంది: చేతి పనికి చప్పుడు లేదు, యంత్రానికి ఉంది. శబ్దం మీద ఆధారపడే మాధ్యమంలో చప్పుడు లేని శ్రమను వినిపించడం ఎలా? నిశ్శబ్దాన్నే ముందు పెట్టి, అదేమిటో తర్వాత చెప్పింది. సంఖ్య ఒక్కటే వాడింది. రెండో సంఖ్య చేరిస్తే మొదటిది మరిచిపోతాం. తరగతిని చివరికి పెట్టింది, ఎందుకంటే అప్పటికి మనకు ఆమె ఎవరో తెలుసుకోవాలనిపిస్తుంది.

'వినవడ్తలేదు' అన్నందుకు మార్కులు తగ్గించే ఉపాధ్యాయులు ఉండవచ్చు. అలా చేయవద్దని నా మనవి. పరీక్ష పేపరు వేరు, గొంతు వేరు. నానమ్మను ఇంటి మాటల్లో మాట్లాడనిచ్చి, మనవరాలిచేత మాత్రం పాఠ్యపుస్తకం చదివిస్తే, ఇద్దరి మధ్యా గోడ కట్టినట్టవుతుంది. తెరమీద యాసను నవ్వించడానికే వాడుకున్న కాలం మనకు చాలా ఉంది, దాని బరువు ఇంకా పిల్లల నాలుకమీద ఉంది. అలాగని యాస తనది కానివారు దాన్ని తెచ్చిపెట్టుకున్నా వినడానికి ఎబ్బెట్టుగానే ఉంటుంది.

రాయడం, పలికించడం

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. చదివేవాడు కన్ను వెనక్కి తిప్పుకోగలడు, వినేవాడికి ఆ వీలు లేదు. 'వెళ్లి, చూసి, అడిగి, తెలుసుకుని' అంటూ గొలుసు పెంచితే అసలు క్రియ వచ్చేసరికి కర్త ఎవరో శ్రోత మరిచిపోతాడు. రెండు 'వెళ్లి, చూసి'లు చాలు, అక్కడ వాక్యం తెంచండి. 'పైన చెప్పినట్లు' అనవద్దు, చెవికి పైనా కిందా ఉండవు. రాసినదాన్ని గడియారం పెట్టుకుని ఒకసారి బిగ్గరగా చదవండి. ఎక్కడ ఊపిరి ఆగితే అక్కడ రాత తప్పు.

ధ్వనిముద్రణకు తరగతి గది అంత చెడ్డ చోటు మరొకటి లేదు. బోసి గోడలు, పైన ఫ్యాను. బొంతలూ పరుపులూ ఉన్న చిన్న గది నయం, బట్టల బీరువా తలుపు తెరిచి దాని ముందు కూర్చున్నా మేలే. ఫోనును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. ఎదురుగా పెడితే ప, బ, ఫ, భ అక్షరాల దగ్గర గాలి దెబ్బ కొడుతుంది. దూరం రెట్టింపైతే ధ్వని సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, గది ప్రతిధ్వని మాత్రం అంతే ఉంటుంది. దూరంగా పెట్టి, తర్వాత ధ్వని పెంచుకుందాం అనుకోవడం అందుకే పనికిరాదు. ఫోనును విమానం మోడ్‌లో పెట్టండి. మాటలన్నీ అయ్యాక ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది నిశ్శబ్దాన్ని కూడా పట్టుకోండి, అతుకులు కప్పడానికి పనికొస్తుంది.

44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ల మోనోలో వేవ్ ఫైలు నిమిషానికి 5 మెగాబైట్లకు పైగా వస్తుంది. 64 కిలోబిట్ల ఎం.పి.3 చేస్తే అర మెగాబైటు. కోతలన్నీ వేవ్‌లోనే చేసి, పంపేటప్పుడు మాత్రమే ఎం.పి.3 చేయండి. 2000లో వచ్చిన ఆడాసిటీ ఉచితం, విద్యార్థులకు అది చాలు. రాసింది చదివిపెట్టే కృత్రిమ గొంతులు ఇప్పుడు తెలుగులోనూ ఉన్నాయి. ఈ ప్రాజెక్టుకు మాత్రం వాటిని దూరంగా ఉంచడమే న్యాయం. మనం నేర్చుకోబోతున్నదే గొంతు వాడడం కదా.

పెద్దలను మాట్లాడించేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. మన ఇళ్లలో కథ వినేవాడు ఊఁ కొట్టాలి. ఆ ఊఁ ప్రతి మాటమీదా పడితే తర్వాత కోయడం కుదరదు. తలూపండి. కానీ ముందే చెప్పి ఉంచండి, లేకపోతే నాలుగు మాటలకు ఆగి 'వింటున్నావా?' అని అడుగుతారు. మాట ఆగిన చోట వెంటనే మరో ప్రశ్న వేయకండి. ఐదు సెకన్లు ఊరుకుంటే, చాలాసార్లు అసలు సంగతి ఆ తర్వాతే వస్తుంది.

ఎవరి మాట, ఎవరి అనుమతి

అసలు సంగతి వచ్చినప్పుడే జాగ్రత్త కావాలి. చెయ్యి నొప్పి గురించి మొదలైన మాట అప్పుల దగ్గరికీ, కోడలి దగ్గరికీ, నూలు ఇచ్చిన షావుకారు దగ్గరికీ పోతుంది. మనవరాలితో అన్న మాట అది, లోకంతో అన్నది కాదు. పేరు తీసేస్తే సరిపోతుందనుకోవద్దు, ఊళ్లో గొంతు పట్టి మనిషిని గుర్తుపడతారు. ఒకసారి బయటికి వెళ్లిన ఫైలును వెనక్కి పిలవలేం. కాబట్టి మాట్లాడించేముందు ఒకసారి, కోసి అతికించాక వినిపించి రెండోసారి అనుమతి అడగండి. రెండోది లేకపోతే మొదటిది లెక్కలోకి రాదు. వద్దన్న ముక్క ఎంత బాగున్నా తీసేయాలి. మైనర్లయితే తల్లిదండ్రులను అడగాలి. ఉపాధ్యాయులు మార్కులు వేసేటప్పుడు, ఏం తీసేశారో, ఎందుకు తీసేశారో కూడా విద్యార్థిని అడిగితే బాగుంటుంది.

సంగీతం గురించి ఒక మాట. పది సెకన్లయితే సినిమా పాట వాడుకోవచ్చనే నమ్మకం విద్యార్థుల్లో గట్టిగా ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టంలో అలాంటి సెకన్ల లెక్క ఏదీ లేదు. ధ్వనిముద్రణకు ప్రచురణ నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. మీ తరగతిలో డప్పు వాయించేవారో, బల్లమీద తాళం వేసేవారో ఉండకపోరు.

పని అయ్యాక కోయని అసలు ధ్వనిముద్రణను పారేయకండి. తేదీ, ఊరు, మాట్లాడినవారి పేరు ఫైలు పేరులోనే రాసి రెండు చోట్ల దాచండి. ఒక ప్రతి ఆ ఇంటికి ఇవ్వండి. పెన్‌డ్రైవు ఇస్తే వారి దగ్గర వినే సాధనం ఉండకపోవచ్చు. ఇంట్లో ఎవరి ఫోనులోకైనా ఎక్కించి, మాట్లాడినవారి ముందే ఒకసారి మొదటినుంచి చివరిదాకా వినిపించి రండి.