ఇంద్రియాలు అలసినప్పుడు చేతిపని ఎందుకు ఊరటనిస్తుంది?

పెళ్లి మండపంలో బ్యాండు మేళం, పక్కనే జనరేటర్ హోరు, కళ్లలో పడే సీరియల్ లైట్లు, వంటల దగ్గర నుంచి వచ్చే తాలింపు ఘాటు, మెడకు గుచ్చుకునే జరీ అంచు. ఇవన్నీ ఒకేసారి మీద పడినా చాలామంది హాయిగా కబుర్లు చెప్పుకోగలరు. కొందరికి అది సాధ్యం కాదు. గుండె దడదడలాడుతుంది, చెమటలు పడతాయి, ఎదుటివారి మాట వినబడుతున్నా అర్థం కాదు. పిల్లలైతే చెవులు మూసుకుని ఏడుస్తారు, లేదా బయటికి పరుగెత్తుతారు. చూసేవారు దాన్ని మొండితనం అనుకుంటారు. నిజానికి అది సెన్సరీ ఓవర్‌లోడ్. అంటే మెదడు సర్దుకోగలిగిన దానికంటే ఎక్కువ సమాచారం ఇంద్రియాల నుంచి వచ్చిపడటం.

ఆటిజం, ఏడీహెచ్‌డీ, మైగ్రేన్, తీవ్రమైన ఆందోళన ఉన్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. తలకు దెబ్బ తగిలి కోలుకుంటున్నవారికీ ఎదురవుతుంది. అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్ట్ జీన్ ఏయర్స్ 1972లో వెలువరించిన పుస్తకంతో ఈ సమస్యపై చికిత్సకుల దృష్టి పడింది. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథం, శబ్దం, వెలుతురు, స్పర్శ వంటి వాటికి అతిగా గానీ తక్కువగా గానీ స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో చేర్చింది. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం కూడా ఉంది.

మెదడులోని జల్లెడ

గదిలో ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కానీ కాసేపటికి ఆ చప్పుడు మనకు వినిపించదు. ఒకే తీరుగా వచ్చే, ప్రమాదం లేని సంకేతాలను మెదడు పక్కన పెట్టేస్తుంది. దీన్నే అలవాటుపడటం అంటారు. ఆటిజం ఉన్న పిల్లల మెదడు స్కాన్‌లను పరిశీలించినప్పుడు, ఇంద్రియ స్పందన అధికంగా ఉన్నవారిలో ఈ అలవాటుపడటం బలహీనంగా ఉన్నట్టు తేలింది. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం, అదే శబ్దం, అదే స్పర్శ మళ్లీ మళ్లీ వస్తున్నా చల్లబడలేదు. అంటే వారికి ప్రతి హారనూ మొదటి హారనే.

దీనికి పూర్తి భిన్నమైన అనుభవం ఒకటుంది. మనకు మనం చక్కిలిగిలి పెట్టుకుంటే నవ్వు రాదు. లండన్ శాస్త్రవేత్తలు 1998లో దీని వెనకున్న కారణాన్ని మెదడు స్కాన్‌లతో చూపించారు. చెయ్యి కదిలే ముందే, ఆ కదలిక వల్ల కలగబోయే స్పర్శను చిన్నమెదడు అంచనా వేస్తుంది. అంచనాకు తగ్గట్టే వచ్చిన స్పర్శకు మెదడు స్పందన తగ్గుతుంది. మనం పుట్టించిన, ముందే తెలిసిన అనుభూతి మెదడుకు తేలిక. ఎక్కడి నుంచో ఎప్పుడొస్తుందో తెలియని అనుభూతి బరువు.

చేతిపని ఎందుకు ఊరటనిస్తుందో అర్థం చేసుకోవడానికి ఇది ఒక దారి చూపిస్తుంది. ముగ్గు వేసేటప్పుడు ముందు చుక్కలు పెడతాం, వాటి చుట్టూ గీత తిప్పుతాం. తర్వాతి మలుపు ఎక్కడో చేతికి తెలుసు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జారే పిండి స్పర్శ, కంటి ముందు పెరిగే గీత, రెండూ మన అదుపులోనే ఉంటాయి. ముగ్గులోని నియమబద్ధత ఎంత కచ్చితమైనదంటే, చెన్నైలో గిఫ్ట్ శిరోమణి, ఆయన సహచరులు 1970లలో తమిళనాడు ముగ్గులైన కోలాలను కంప్యూటర్ శాస్త్రంలోని వ్యాకరణాలతో వర్ణించారు. ఊలు అల్లిక, లేసు అల్లిక, పూసలు గుచ్చడం, గళ్లలో రంగులు నింపడం కూడా ఇలాంటివే. తర్వాత ఏం చేయాలో వాటిలోనే ఉంటుంది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

2005లో అమెరికాలో 84 మంది విద్యార్థులపై ఒక ప్రయోగం జరిగింది. ముందుగా వారిలో కొంత ఆందోళన కలిగించి, తర్వాత మూడు బృందాలుగా రంగులు వేయించారు. మండల చిత్రంలో, గళ్ల నమూనాలో రంగులు నింపినవారికి ఆందోళన బాగా తగ్గింది. ఖాళీ కాగితంపై ఇష్టమొచ్చినట్టు గీసినవారికి అంతగా తగ్గలేదు. 2012లో మళ్లీ ఇలాంటి ప్రయోగమే చేస్తే మండలకు మేలు కనిపించింది, గళ్ల నమూనాకు కనిపించలేదు.

2013లో ప్రచురితమైన ఒక సర్వేలో 3,545 మంది ఊలు అల్లేవారు పాల్గొన్నారు. ఎంత తరచుగా అల్లితే అంత ప్రశాంతంగా ఉంటున్నామని వారు చెప్పారు. 2016లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 39 మంది పెద్దలతో 45 నిమిషాలు బొమ్మలు వేయించి, మట్టితో, కాగితంతో పని చేయించి, లాలాజలంలో కార్టిజాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచారు. నాలుగింట మూడు వంతుల మందిలో అది తగ్గింది. కళలో ముందే అనుభవం ఉన్నవారికీ లేనివారికీ ఇందులో తేడా రాలేదు.

ఇవన్నీ ఆందోళనను, ఒత్తిడిని కొలిచిన పరిశీలనలు. సర్వేకు జవాబిచ్చినవారు అల్లికను ముందే ఇష్టపడేవారు. కాబట్టి చేతిపనిని ఒక ఆసరాగా చూడాలి తప్ప చికిత్సగా కాదు.

ఎవరికి ఏది?

ఒకరికి ఊరటనిచ్చే వస్తువు మరొకరికి బాధ కావచ్చు. కొందరికి ఊలు గుచ్చుకుంటుంది, నూలు దారం నచ్చుతుంది. సుద్ద గీసుకునే చప్పుడు, రంగుల వాసన భరించలేనివారు ఉంటారు. మట్టి తడి ఇష్టపడే పిల్లలు ఉంటారు, అది అంటితేనే వణికేవారూ ఉంటారు. అందుకే ఇంట్లో ప్రశాంతంగా ఉన్నప్పుడే రకరకాలవి ఇచ్చి చూడాలి. చెయ్యి ఆ పనికి అలవాటుపడ్డాకే బయటికి తీసుకెళ్లాలి. రద్దీ మొదలవుతుండగానే పని మొదలుపెడితే మేలు. భారం తారస్థాయికి చేరాక సూది చేతికివ్వడం వృథా. అప్పుడు కావలసింది మాటలు తగ్గించి, నిశ్శబ్దంగా ఉన్న చోటికి తీసుకెళ్లడం. రోజువారీ జీవితం దెబ్బతింటుంటే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ను కలవాలి.

ఊరట చేతి కదలికలో మాత్రమే ఉందనుకోవడం కూడా పొరపాటు. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం లేసు ఇందుకు ఉదాహరణ. ఇంటి పట్టునే ఉండి, ఎగుమతి వ్యాపారుల కోసం కొద్దిపాటి కూలికి లేసు అల్లే అక్కడి మహిళల శ్రమను మరియా మీస్ 1982లో పుస్తకంగా రాశారు. అదే సూది, అదే దారం. కానీ ఎంత అల్లాలో, ఎప్పటికి ముగించాలో వేరొకరు నిర్ణయించినప్పుడు అది విశ్రాంతి కాదు, పని. ఇష్టమైనప్పుడు మొదలుపెట్టి, ఇష్టమైనప్పుడు ఆపే స్వేచ్ఛ ఉంటేనే చేతిపని మనసుకు ఆసరా అవుతుంది. గంటసేపు కదలకుండా రంగులు వెయ్యమని పిల్లవాడిని కూర్చోబెడితే, అది మరో భారమే.

చేతికి దారం ఇచ్చాం కదా అని లౌడ్‌స్పీకర్ పక్కనే కూర్చోమనడం న్యాయం కాదు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. ఈ నియమాలు వచ్చింది 2000 సంవత్సరంలో. తరగతి గదిలో ట్యూబ్‌లైట్ గుడ్డిగా మిణుకుతుంటే మార్చడం, ఫంక్షన్ హాల్లో ఒక నిశ్శబ్దమైన గది కేటాయించడం, పండుగ మైకు గొంతు తగ్గించడం పెద్ద ఖర్చు కాదు. ఆ పని పెద్దలు చేస్తే, మిగిలిన హోరును ఓర్చుకోవడానికి ఆ పిల్లవాడికి గుప్పెడు పూసలు సరిపోవచ్చు.