రెండద్దాల నడుమ గాలి

రావల్కోల్ వైపు, మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా, కొత్త ఇళ్లకు యూపీవీసీ కిటికీలు బిగిస్తున్న రోజులివి. డబుల్ గ్లాస్ వేయించుకుంటే ఇల్లు చల్లగా ఉంటుందని అమ్మేవాళ్ల మాట. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "రెండెందుకు సార్, ఒక్కటే మందంగా వేస్తే పోలా?"

పోదు. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే, చదరపు మీటరు మామూలు 4 మిల్లీమీటర్ల అద్దం గుండా సుమారు 5.7 వాట్ల వేడి దాటుతుంది. మందం 10 మిల్లీమీటర్లకు పెంచితే 5.5 దగ్గర ఆగుతుంది. డబ్బూ దండగ, బరువూ దండగ! ఆ కాస్త అడ్డు కూడా గాజు గొప్ప కాదు. చాలావరకు అద్దానికి రెండు పక్కలా అంటిపెట్టుకుని ఉండే పలుచని గాలి పొరలదే. వేడిని మోయడంలో గాలి గాజుకంటే దాదాపు నలభై రెట్లు బద్ధకస్తురాలు. కాకపోతే ఉన్నచోటే ఉండాలి. కదిలిందంటే వేడిని వెంటబెట్టుకుని పోతుంది.

ఆ గాలిని కదలనీయకుండా పట్టి ఉంచడమే రెండో అద్దం ఉద్యోగం. సందు మరీ ఇరుకైతే వేడి సులువుగా దాటేస్తుంది. మరీ వెడల్పైతే వెచ్చని అద్దం పక్క గాలి పైకి లేచి, చల్లని అద్దం వెంట కిందికి దిగుతూ గిరగిరా తిరగడం మొదలెడుతుంది. 12 నుంచి 16 మిల్లీమీటర్లు సరైన సందు. అప్పుడు 5.7 కాస్తా 2.8కి పడిపోతుంది.

టొరంటోలోని మనవాళ్లకు ఇది ప్రాణావసరం. బయట మైనస్ 20, లోపల 20 ఉన్న రాత్రి ఒంటి అద్దం లోపలి ముఖం మైనస్ 10 దాకా దిగి, గదిలోని చెమ్మ దాని మీద మంచై పేరుకుంటుంది. జంట అద్దమైతే 5 డిగ్రీల దగ్గర నిలుస్తుంది.

రావల్కోల్‌లో కథ తిరగబడుతుంది. మే నెలలో బయట 42, ఏసీ గదిలో 26. ఒంటి అద్దం గుండా చదరపు మీటరుకు 91 వాట్లు లోపలికొస్తే, జంటగుండా 45. బాగానే ఉంది. కానీ సాయంత్రం నాలుగింటి పడమటెండ కిటికీ మీద 600 వాట్లు కుమ్మరిస్తుంటే, తెల్లని ఒంటి అద్దం 500 పైచిలుకు లోపలికి వదులుతుంది, తెల్లని జంట అద్దం సుమారు 450. వెలుగుగా వచ్చే వేడికి ఆగిన గాలి అడ్డే కాదు. సజ్జ కూడా ఆదుకోదు, వాలిన ఎండ దాని కిందుగా దూరుతుంది. లోపలి పరదా దాకా వచ్చిన ఎండ ఇంట్లోకి వచ్చినట్టే. అందుకే నా ఓటు ముందు కిటికీ బయట వేలాడే వెదురు తడికకు, తర్వాతే రెండో అద్దానికి.

ఇంకో దొంగదారి ఉంది. సందులో దాటే వేడిలో దాదాపు మూడింట రెండు వంతులు ఒక అద్దం నుంచి మరోదానికి కంటికి కనబడని వికిరణంగా దూకేస్తుంది. గాలి ఎంత కదలకున్నా దాన్ని ఆపలేదు. దీనికి విరుగుడు వెండి! పది నానోమీటర్ల మందాన వెండి పూత పూస్తే వెలుగు లోపలికొస్తుంది, ఆ వికిరణం మాత్రం వెనక్కి మళ్లుతుంది. మన ఎండకు తగ్గట్టు చేసిన పూతలు సూర్యుడి పరారుణాన్నీ చాలావరకు తిప్పికొడతాయి.

జంట అద్దానికి అమెరికాలో థామస్ స్టెట్సన్ 1865లోనే పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత దశాబ్దాలపాటు సందులోకి చెమ్మ దూరి అద్దం మసకబారడమే తంటా. 1930లలో సి.డి. హేవెన్ రూపొందించిన థర్మోపేన్ అనే జంట అద్దం వచ్చాక గానీ అది ఇళ్లకు చేరలేదు. ఇప్పుడు అంచు పట్టీలో చెమ్మ పీల్చే గుళికలు నింపుతారు, సందులో గాలికి బదులు ఆర్గాన్ వాయువు. 2004లో కొండాపూర్‌లో అబ్దుల్ కలాం ప్రారంభించిన సీఐఐ గ్రీన్ బిజినెస్ సెంటర్ కిటికీల్లో అలాంటివే ఉన్నాయి.

మీ కిటికీని మీరే పరీక్షించుకోవచ్చు. రాత్రి గదిలో కొవ్వొత్తి వెలిగించి అద్దానికి దగ్గరగా, కాస్త ఏటవాలుగా పట్టండి. ఒంటి అద్దంలో రెండు మంటలు కనిపిస్తాయి, జంటలో నాలుగు. వెండి పూత ఉంటే వాటిలో ఒకదాని రంగు వేరుగా ఉంటుంది. మీవైపు నుంచి లెక్కపెట్టండి. మూడోదైతే పూత బయటి అద్దం లోపలి ముఖాన ఉన్నట్టు, మన ఎండకు అదే సరి. రెండోదైతే అది చలిదేశాల అమరిక, బిగించినవాణ్ణి పిలిపించండి.