మలుపులో ముందు చక్రం చప్పుడు చేస్తోందా? పార్టు మార్చే ముందు లివర్ ఎక్కడుందో చూడండి

తిరుపతి: ఫోర్ బై ఫోర్ బండి నడిపేవాళ్లకు ఏదో ఒకరోజు ఎదురయ్యే ఇబ్బంది ఇది. బండి నేరుగా పోతుంటే ఏ చప్పుడూ ఉండదు. స్టీరింగ్ తిప్పగానే ముందు చక్రం దగ్గర టక్ టక్ అనో, గరగర అనో, ధబ్ అనో వినిపిస్తుంది. షెడ్డుకి తీసుకెళ్తే ఒకరు బేరింగ్ అంటారు, ఇంకొకరు జాయింట్ అంటారు. ఒక్కోసారి రెండూ మార్చినా చప్పుడు పోదు. డబ్బు మాత్రం పోతుంది.

అసలు ఆ చప్పుడు ఎప్పుడొస్తోంది, ఎలా వస్తోంది అన్నది సరిగ్గా గమనిస్తే సగం జబ్బు ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. దీనికి ఖర్చు లేదు. ఖాళీ స్థలం, ఒక జాకీ, పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

మన రోడ్లకు ఈ సంగతి ఎందుకు ముఖ్యం?

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మలుపులకు కొదవలేదు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. ఇప్పుడు కొండెక్కడానికి రెండో రోడ్డు, దిగడానికి మొదటి రోడ్డు వాడుతున్నారు. ఇవి కాక భాకరాపేట ఘాట్ ఉంది, పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఉంది. ఘాట్ దాటితే మామిడి తోటల మట్టి బాటలు, ఇసుక వంకలు. ఒకే బండి పొద్దున తోటలో బురద తొక్కుతుంది, మధ్యాహ్నం తారు రోడ్డు మీద మలుపులు తిరుగుతుంది.

పాత జీపులు, జిప్సీల దగ్గర్నుంచి థార్, జిమ్నీ, ఫార్చ్యూనర్ దాకా ఇక్కడ ఫోర్ బై ఫోర్ బండ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఇసుజు కంపెనీ 2016లో ఫ్యాక్టరీ తెరిచింది కూడా ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలోనే. వీ-క్రాస్ పికప్పులు అక్కడే తయారవుతాయి.

మొదటి ప్రశ్న: బండి 2హెచ్‌లో ఉందా, 4హెచ్‌లో ఉందా?

ఇది చాలామంది అడగరు. కానీ అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే.

బండి మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ నాలుగు వేర్వేరు దారుల్లో పోతాయి. లోపలి చక్రం కంటే బయటి చక్రం, వెనక చక్రాల కంటే ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి. థార్, జిమ్నీ, వీ-క్రాస్ లాంటి బండ్లలో 4హెచ్ వేస్తే ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ రెండూ ఒకే వేగంతో తిరిగేలా కట్టేసినట్టు అవుతాయి. బురదలో, ఇసుకలో అయితే టైరు కొంచెం జారి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎండిన తారు రోడ్డు మీద టైరు జారదు. అప్పుడు ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, ముందు చక్రాలు ఎగిరెగిరి పడ్డట్టు కుదుపు వస్తుంది, కింద నుంచి ధబ్ ధబ్ అని వినిపిస్తుంది. ఎవరో బ్రేకు పట్టుకున్నట్టు బండి బిగుసుకుపోతుంది.

ఇందులో పాడైన పార్టు ఏదీ లేదు. లివర్‌ను 2హెచ్‌కి మార్చాలి. లివర్ కదలకపోతే స్టీరింగ్ నేరుగా పెట్టి నాలుగైదు మీటర్లు వెనక్కి పోనిస్తే బిగువు వదులుతుంది. చప్పుడు పోయిందంటే సమస్య అదే.

ఘాట్ రోడ్డులో గ్రిప్పు కోసమని 4హెచ్ వేసుకునేవాళ్లు ఉన్నారు. ఎండిన తారు మీద అది తప్పు. దిగేటప్పుడు బండి అదుపులో ఉండాలంటే 2హెచ్‌లోనే చిన్న గేరు వేసి, ఇంజిన్ బ్రేకింగ్‌తో దిగాలి. లివరే లేకుండా ఎప్పుడూ నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే బండ్ల లెక్క వేరు. వాటిలో ఇలాంటి బిగువు కనిపిస్తే ముందు నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉన్నాయా, గాలి సమానంగా ఉందా చూడాలి.

రెండో ప్రశ్న: 4హెచ్‌లో మట్టి నేల మీద మాత్రమే వస్తోందా?

ఇప్పుడు బండిని ఖాళీ మట్టి మైదానానికి తీసుకెళ్లండి. 4హెచ్ వేసి, స్టీరింగ్ దాదాపు పూర్తిగా తిప్పి, నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. ముందు ఎడమకు, తర్వాత కుడికి. మధ్యలో కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వండి.

టక్ టక్ టక్ అని వరసగా వచ్చి, వేగం పెరిగేకొద్దీ ఆ టక్కులు కూడా వేగంగా వస్తుంటే సీవీ జాయింట్ మీద అనుమానపడాలి. చక్రం పక్కకు తిరిగినా దానికి బలం అందించే జాయింట్ ఇది. 2హెచ్‌లో ఇంజిన్ బలం ముందు చక్రాలకు వెళ్లదు కాబట్టి, అరిగిపోయిన జాయింట్ కూడా చాలాసార్లు నోరు మూసుకునే ఉంటుంది. 4హెచ్ వేయగానే బయటపడుతుంది. చాలావరకు మలుపుకి బయటివైపు ఉన్న చక్రమే మోగుతుంది. కుడికి తిరిగినప్పుడు వస్తే ముందు ఎడమ చక్రం చూడాలి. అలాగని ప్రతిసారీ అంతే ఉండదు. రెండువైపులా చూశాకే నిర్ణయానికి రావాలి.

దీనికి కళ్లతో చూసే సాక్ష్యం కూడా ఉంది. చక్రం వెనక మడతలు మడతలుగా నల్ల రబ్బరు బూటు కనిపిస్తుంది. అది చిరిగి, రిమ్ము లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంటే కారణం దొరికినట్టే. బూటు చిరిగిన చోట నుంచి మట్టి, నీళ్లు లోపలికి పోయి జాయింట్‌ను తినేస్తాయి. చప్పుడు మొదలవక ముందే చిరుగు చూస్తే శుభ్రం చేసి, కొత్త గ్రీజు పెట్టి, బూటు మారిస్తే సరిపోతుంది. చప్పుడు మొదలయ్యాక బూటు మార్చినా లాభం ఉండదు, జాయింటో షాఫ్టో మార్చాలి.

మూడో ప్రశ్న: 2హెచ్‌లో కూడా వస్తోందా?

అలా అయితే ఫోర్ బై ఫోర్ సామాను పక్కన పెట్టి, ఏ బండికైనా వచ్చే జబ్బులు చూడాలి.

విసుర్రాయి తిప్పినట్టు గుయ్‌మని మోగి, వేగంతో పాటు పెరుగుతుంటే అది వీల్ బేరింగ్ కావచ్చు. కుడికి తిరిగినప్పుడు బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగ్, ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడి బేరింగ్ అనుకోవచ్చు. 2021 నవంబర్ వరదల్లో లాగా బండి నీళ్లలో మునిగినా, వంకలు తరచూ దాటుతున్నా హబ్బులోకి నీళ్లు పోయి గ్రీజు చెడిపోతుంది. అలాంటి బండికి బేరింగులు విప్పి చూపించుకోవడం మంచిది.

ఆగి ఉన్న బండిలో స్టీరింగ్ తిప్పినా ధబ్ అంటే బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, బుష్‌లు చూడాలి. కిర్రుమంటే సస్పెన్షన్ పైభాగంలోని మౌంటు లేదా ఎండిపోయిన రబ్బరు కావచ్చు. స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు మాత్రమే మూలిగితే పవర్ స్టీరింగ్ ఆయిల్ లెవెల్ చూడండి. ఆయిల్ సరిగ్గా ఉంటే ఆ చిన్న మూలుగు మామూలే, స్టీరింగ్‌ను అక్కడే పట్టి ఉంచకుంటే చాలు.

సన్నగా ఇనుము గీరుకుంటున్నట్టు వస్తే డిస్క్ వెనకున్న రేకు వంగిందేమో, మధ్యలో కంకర రాయి ఇరుక్కుందేమో చూడండి. పెద్ద టైర్లు వేయించిన బండిలో అయితే టైరు మడ్‌గార్డుకు తగులుతుండొచ్చు. తగిలినచోట రబ్బరు గీత కనిపిస్తుంది. ఇటీవలే స్టెప్నీ మార్చి ఉంటే వీల్ నట్లు బిగించి ఉన్నాయో లేదో అన్నిటికంటే ముందు చూడాలి.

జాకీ పరీక్ష ఇలా

చదునైన నేల మీద బండి ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. లివర్ 2హెచ్‌లో ఉండాలి. ముందు చక్రం పైకి లేపాక గడియారంలో 12, 6 అంకెలు ఉండేచోట చేతులు పెట్టి ఊపండి. తర్వాత 9, 3 అంకెల దగ్గర. పక్కలకు మాత్రమే ఆడితే టై రాడ్ వైపు అనుమానం. పైకీ కిందికీ ఆడితే బేరింగ్ కావచ్చు, బాల్ జాయింట్ కావచ్చు. ఈ రెండిట్లో ఏదో తేల్చడానికి లోపల కూర్చున్న మనిషిని బ్రేకు తొక్కమనండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే బేరింగ్. అయినా ఆడుతుంటే బాల్ జాయింట్, పాత జీపులైతే కింగ్ పిన్. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకు మాత్రం దూరకండి.

ఏ చప్పుడుతో బండి నడపకూడదు?

సీవీ జాయింట్ టక్కులు మొదలైనా, 2హెచ్‌లో నెమ్మదిగా షెడ్డు దాకా పోవచ్చు. కానీ చక్రం చేతితో ఊపితే స్పష్టంగా ఆడుతుంటే, స్టీరింగ్ వదులైపోయి ఉంటే, హబ్బు చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే ఘాట్ ఎక్కకండి, దిగకండి. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా బండి మాట వినదు. బ్రేకు వేడెక్కి, బరువంతా ముందు చక్రాల మీద పడే దిగుడులో అది జరిగితే లోపలున్న అందరి ప్రాణం మీదికి వస్తుంది. అలాంటప్పుడు టోయింగ్ ఖర్చు గురించి ఆలోచించకూడదు.

మెకానిక్‌కి ఏం చెప్పాలి?

"భాయ్, టర్నింగ్‌లో సౌండ్ వస్తోంది" అని ఊరుకుంటే ఎంత మంచి ఉస్తాద్ అయినా ఊహించాల్సిందే. ఐదు ముక్కలు చెప్పండి: 2హెచ్‌లోనా 4హెచ్‌లోనా, తారు మీదా మట్టి మీదా, ఎడమకా కుడికా, యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడా వదిలినప్పుడా, టక్కులా మోతా. వీలైతే ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని అదే మలుపు తిప్పి వినిపించండి. ఏ పార్టు మార్చమన్నా, అందులో లోపం ఎక్కడుందో ముందు చూపించమని మర్యాదగా అడగండి. పని తెలిసిన మెకానిక్ చక్రం ఊపి, బూటు తిప్పి చూపిస్తాడు. చూపించాకే పార్టుకి డబ్బు ఇవ్వండి.