నాలుగు సెంట్లలో ప్రపంచ టోర్నీ

2018 సెప్టెంబరులో హైదరాబాద్ ఓ పొట్టి బాస్కెట్‌బాల్ టోర్నీకి ఆతిథ్యమిచ్చింది. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా నడిపే త్రీ ఆన్ త్రీ వరల్డ్ టూర్‌లో హైదరాబాద్ మాస్టర్స్ ఒక మజిలీ. ఇందులో ఆడేవి దేశాల జట్లు కావు, నగరాల పేర్లు పెట్టుకున్న పురుషుల జట్లు.

జట్టుకు నలుగురే. ముగ్గురు ఆడతారు, ఒకరు బయట కూర్చుంటారు. బుట్ట ఒక్కటే. గీత లోపలి నుంచి వేస్తే 1 పాయింటు, బయటి నుంచి వేస్తే 2. ఆట 10 నిమిషాలు. ఈలోగా ఎవరు 21 చేరితే వాళ్ళదే గెలుపు. దాడికి దొరికేది 12 సెకన్లే. బంతి బుట్టలో పడ్డా ఆట ఆగదు. పాయింటు ఇచ్చుకున్న జట్టు అక్కడే బంతి అందుకుని గీత బయటికి ఉరుకుతుంది. పక్కన నిలబడి కేకలేసే కోచ్ ఉండడు, అదో సుఖం!

టోక్యో ఒలింపిక్స్‌లో ఇది తొలిసారి పతక క్రీడ అయింది. పురుషుల్లో లాత్వియా 21-18తో స్వర్ణం గెలిచింది. 2024 పారిస్ పురుషుల ఫైనల్ అదనపు సమయానికి వెళ్ళింది. నెదర్లాండ్స్ ఆటగాడు వర్తీ డి యోంగ్ దూరం నుంచి వేసిన బంతితో ఫ్రాన్స్ 17-18తో ఓడింది.

కొబ్బరి తోటల నడుమ ఖాళీ జాగా దొరకడమే గగనమైన మురమళ్ళ వంటి కోనసీమ ఊళ్ళకు ఈ ఆట కోర్టు కొలతలు ఆసక్తికరం. వెడల్పు 15 మీటర్లు, పొడవు 11 మీటర్లు. అంటే సుమారు 4 సెంట్లు. మామూలు కోర్టుకైతే 10 సెంట్ల పైమాటే. బుట్ట ఎత్తులో మాత్రం రాయితీ లేదు: అదే 3.05 మీటర్లు.