చదివినంకనే పైసలు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ ప్రాంతాల నుంచి ఎంతోమంది బతుకుదెరువుకు దుబాయి, మస్కట్, సౌదీ పోయారు. సాంచాల మీద పని దొరకనివాళ్లు పోయారు. బోరు ఎండిన రైతులూ పోయారు.

ఏజెంటు ఇంటికి వస్తాడు. "మంచి కంపెనీ, మంచి జీతం. రేపే పైసలు కట్టాలె" అంటాడు. ఇంట్లో ఆడవాళ్ల బంగారం కుదువ పెడతారు. మిత్తికి అప్పు తెస్తారు. తీరా అక్కడికి పోయాక, అది విజిట్ వీసా అని తెలుస్తుంది.

విజిట్ వీసా అంటే ఏమిటి? చూసి వచ్చేందుకు ఇచ్చే వీసా. దాని మీద కూలి పని చేయరాదు. గడువు దాటితే జరిమానా పడుతుంది. జైలు కూడా పడవచ్చు. ఇక్కడ ఇంటి మీద మిత్తి పెరుగుతుంది. ఆ మిత్తి కట్టేది ఎవరు? బీడీలు చేసే ఇల్లాలే.

మోసపోకుండా ఏం చేయాలి?

1. ఏజెంటుకు భారత ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. 1983 నాటి వలస చట్టం ఇదే చెబుతుంది. లైసెన్సు నంబరు అడగండి. "నేను ఫలానా ఏజెంటు మనిషిని" అంటే నమ్మవద్దు.

2. ఏజెంటు రుసుము 30,000 రూపాయలు దాటరాదు. పన్ను వేరు. రసీదు తీసుకోండి.

3. వీసా ఇంగ్లీషులోనో, అరబ్బీలోనో ఉంటుంది. తెలిసినవాళ్లతో చదివించుకోండి. పని, జీతం రాసిన ఒప్పందం అడగండి. వాటి నకళ్లు ఇంట్లో దాచండి.

అనుమానం ఉంటే హైదరాబాదులోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో అడగవచ్చు. మోసపోతే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయాలి. అప్పుడు ఆ రసీదే సాక్ష్యం.

ఏజెంటు తొందరపెడితే ఒక్కటే మాట చెప్పండి: "ఆగు, కాగితం చదివినంకనే పైసలు."