మంచుదారిలో మంచినీరు

దాహం అనగానే అందరికీ వేసవికాలమే గుర్తుకు వస్తుంది. ఎండలో ప్రయాణం చేసేవారు మరచిపోకుండా నీళ్లు వెంట తీసుకొని వెళ్తారు. చలికాలంలో ఆ సంగతే తలచుకోరు. కాని హిమాలయాలలో వాహనాలు నడిపేవారికి చలికాలపు దాహం కూడా ప్రమాదకరమే. అక్కడ కనుచూపు మేర మంచు ఉంటుంది. తాగడానికి గుక్కెడు నీరు మాత్రం దొరకదు.

హిమాచల్ ప్రదేశ్‌లోని మనాలీ దాటాక రోహ్‌తాంగ్ కనుమ ఉంది. 2020 అక్టోబరులో దాని కింద సుమారు 9 కిలోమీటర్ల పొడవున్న అటల్ సొరంగం ప్రారంభమైంది. అప్పటి నుంచి అవతలి లాహుల్ లోయకు చలికాలంలో కూడా వాహనాలు వెళ్తున్నాయి. అయినా మంచు జోరుగా కురిస్తే దారి ఆగిపోక తప్పదు. 2024 డిసెంబరు చివరి వారంలో ఈ దారిలోని సోలంగ్ దగ్గర సుమారు 1,000 వాహనాలు మంచులో చిక్కుకొన్నాయి. వాటిలోని యాత్రికులను పోలీసులు సురక్షిత ప్రాంతాలకు చేర్చారు. అలాంటి సమయంలో సహాయం అందేవరకు బండిలో ఉన్న నీరే ఆధారం.

చలిలో చెమట కనిపించదు. అందువలన శరీరంలోని నీరు తగ్గడం లేదని అనుకొంటాం. కాని చలిగాలి పొడిగా ఉంటుంది. ఊపిరి వదిలిన ప్రతిసారీ కొంత నీరు ఆవిరై బయటకు పోతుంది. నోటి నుంచి పొగలాగా కనిపించేది ఆ ఆవిరే. పైగా చలిలో దాహం అంతగా తెలియదు. అందుచేత దాహం వేయకపోయినా అప్పుడప్పుడు నీరు తాగాలి. మనిషికి రోజుకు 3 లీటర్ల చొప్పున నీరు వెంట ఉంచుకోవడం మంచిది.

అయితే ఆ నీటిని గడ్డకట్టకుండా కాపాడుకోవడం ఎలా? ఇంజన్ నడుస్తున్నంతసేపు బండి లోపల వెచ్చగా ఉంటుంది. ఇంజన్ ఆగితే కొద్ది గంటల్లోనే లోపల కూడా బయటి చలే వ్యాపిస్తుంది. నీటి స్వభావం తెలిసినవారు దానికి తగిన ఉపాయాలు చేస్తారు.

చాలా పదార్థాలు చల్లబడి గట్టిపడినప్పుడు కుంచించుకొంటాయి. నీరు అలా కాదు. 4 డిగ్రీల సెల్సియస్ వరకు కుంచించుకొని, ఆపైన ఇంకా చల్లబడితే వ్యాకోచిస్తుంది. గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. అంచు వరకు నీరు నింపి బిగించిన గాజుసీసా పగిలిపోయేది ఇందువల్లనే. కాబట్టి గట్టి ప్లాస్టిక్ సీసాలు తీసుకొని, పదింట ఒక వంతు కంటే కొంచెం ఎక్కువగా ఖాళీ వదలాలి.

మంచుగడ్డ నీటికన్నా తేలిక. అందుకే అది నీటిపై తేలుతుంది. చలికి సీసాలోని నీరు పైభాగాన ముందుగా గడ్డకట్టి మూతిని మూసివేస్తుంది. మూత గట్టిగా బిగించి సీసాను తలకిందులుగా ఉంచితే, మంచు సీసా అడుగు వైపున చేరుతుంది. మూతి దగ్గర నీరు నీరుగానే ఉంటుంది. పర్వతారోహకులు పాటించే ఉపాయం ఇది.

సీసాలను కంబళిలో చుట్టి, తలుపులకు దూరంగా సీట్ల మధ్య ఉంచాలి. కంబళి వేడిని పుట్టించదు. ఉన్న వేడిని త్వరగా పోనివ్వదు. ఒక ఫ్లాస్కు నిండా వేడినీరు కూడా ఉండాలి. రాత్రి బస చేసినచోట సీసాలను బండిలో వదలక గదిలోకి తెచ్చుకోవాలి.

నీరు లేకపోతే మంచు తినవచ్చు కదా అనిపించవచ్చు. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీల వేడి కావాలి. నోట్లో వేసుకొంటే ఆ వేడి మన శరీరం నుంచే పోతుంది. చలికి వణికే మనిషి మరింత చల్లబడతాడు. కాబట్టి శుభ్రమైన మంచును గిన్నెలో కరిగించి, కాచి తాగాలి. మూసిన బండిలో మాత్రం పొయ్యి వెలిగించరాదు. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ప్రాణం తీస్తుంది.

రేడియేటర్‌లోని నీటిని ఎన్నడూ తాగకూడదు. అది గడ్డకట్టకుండా అందులో ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవాన్ని కలుపుతారు. అది తియ్యగా ఉంటుంది, కాని విషం.

దాహం వేసినప్పుడు బావి తవ్వినట్లు అనే సామెత ఉంది. మంచుదారిలో తవ్వడానికి బావి కూడా ఉండదు. ఇంటి దగ్గర నాలుగు సీసాలు నింపడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ కొద్ది శ్రమే దారిలో ప్రాణాలను నిలుపుతుంది.